గద్వాలలో మధ్యాహ్న భోజనం

"ఏ బియ్యం బావా?" అన్న ప్రశ్న దగ్గర ఫోను ఆగిపోయింది. మనమూ సీతారాములును అక్కడే వదిలేసి వచ్చాం, వనపర్తిలో తన ఇంటి అరుగు మీద, ఫోను చెవికి ఆనించుకునే ఉన్న మనిషిని. అవతల గద్వాలలో ఆయన భార్య భీమమ్మకు అన్న అయిన అనంతయ్య ఆ ఒక్క మాట అడిగి ఊరుకున్నాడు. ఇవతల ఈయన "సిగ్నల్ సక్కగ లేదు బావా, మల్ల చేస్త" అని అబద్ధమాడి ఫోను పెట్టేశాడు.

ఈ వారమే కథలోకి వచ్చి కూర్చున్నవాళ్ళకు వెనకటి సంగతి కాస్త చెప్పాలి. సీతారాములు బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, ఈ మూడు ఊళ్ళ మధ్యే ఆయన ఉద్యోగమంతా అరిగిపోయింది, మోకాళ్ళతో సహా. ఖిల్లా ఘణపూర్ అంటే జనానికి గుట్ట మీద కోట. ఆయనకు మాత్రం మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగే స్టేజీ. కొల్లాపూర్ అంటే మామిడి గంపలు టాపు మీదికి ఎక్కించే దగ్గర జరిగే కొట్లాట. తనుండే వనపర్తిలోని రాజావారి బంగళాను కూడా ఆయన కిటికీలోంచే చూశాడు. టికెట్లు కొట్టేవాడికి తలెత్తే తీరికెక్కడిది? అందుకని రిటైరయ్యాక ఒక ముచ్చట పుట్టింది. ఇన్నాళ్ళూ దిగకుండా తిరిగిన ఊళ్ళలో ఒక్కసారి దిగాలి, కోటలూ గుళ్ళూ నింపాదిగా చూడాలి, ఊరికో పూట ఆ ఊరి తిండి తినాలి. హైదరాబాదులో ఉండే కూతురు శ్రీజ, అల్లుడు చైతన్య శనివారం కారు తీసుకొస్తామన్నారు. వెనక వీధిలో ఉండే అక్క తిరుపతమ్మ, ఎవరూ పిలవకముందే, ముందు సీటు తనదంది.

అంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా గద్వాల దగ్గర వచ్చింది. గద్వాల భీమమ్మ తల్లిగారి ఊరు. చీరలు నేసే ఇల్లు. ఒకప్పుడు చీరల మూటతో తండ్రి వెంట బస్సెక్కే పిల్లను కండక్టరు చూశాడు, పిల్ల కూడా కండక్టరును చూసింది. మగ్గం ఇంటి పిల్లకు మానవపాడు సేద్యగాళ్ళ కొడుకుతో పెళ్ళేమిటని రెండు ఇళ్ళవాళ్ళూ అగ్గి మీద గుగ్గిలమయ్యారు. శ్రీజ పుట్టాక ఈయన వైపు వాళ్ళు మెత్తబడ్డారు. ఆమె తండ్రి మాత్రం "నాకు బిడ్డే లేదు" అని తలుపేసుకుని, ఆ మాట మీదే పోయాడు. ఆ తర్వాత అన్న మనసు కరిగిందనీ, కాకపోతే సీతారాములును ఇంకా గడప తొక్కనివ్వరనీ, పెళ్ళైన ఆడబిడ్డ ఒడిలో తల్లిగారింటివాళ్ళు పోసే ఒడిబియ్యం తనొక్కతే వెళ్ళి పోయించుకొస్తాననీ భీమమ్మ చెప్పింది. బేసి ఏడాది వచ్చినప్పుడల్లా వెళ్ళింది, పసుపు బియ్యంతో వచ్చింది. సీతారాములు ఏనాడూ ఆరా తీయలేదు. భార్యకు తల్లిగారిల్లు లేకుండా చేశానన్న బాధ కొంతైనా తగ్గిందని లోలోపల ఊపిరి పీల్చుకున్నాడు.

అందుకే నిన్న, తనతో ఏళ్ళ తరబడి బస్సు తోలిన గద్వాల డ్రైవరు అబ్రహాం దగ్గర అనంతయ్య నంబరు సంపాదించి, భీమమ్మకు చెప్పకుండా ఫోను చేశాడు. ఆదివారం మధ్యాహ్నం మీ ఇంట్లోనే భోజనం అన్నాడు. ఆ సంబరంలో ఊరుకోక, "అప్పుడప్పుడు మా ఇంటామెను పిలిచి ఒడిబియ్యం పోస్తుండ్రు, నీ రుణం తీర్సుకోలేను బావా" అని కూడా అన్నాడు. దానికి వచ్చిన జవాబే మొదట మనం చెప్పుకున్న ప్రశ్న.

తెల్లారింది. మాఘమాసం చలి ఇంకా వదల్లేదు. వాకిట్లో ఎండ పడే చోట చాప వేసుకుని భీమమ్మ అనపకాయలు ఒలుస్తోంది. సీతారాములు పక్కనే అరుగు మీద, చల్లారిన చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"రాత్రంత దొర్లుతనే ఉన్నవ్. నిద్ర పట్టలేదా ఏంది?" అంది ఆమె తలెత్తకుండా.

"మోకాళ్ళు గుంజినయ్."

"గీ మోకాళ్ళతోని కోటెక్కుతడంట" అని నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు, ఓపికే ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె దగ్గర ఎప్పుడూ తరగనిది అదొక్కటే అని సీతారాములు అనుకునేవాడు. ఈ పొద్దు ఆ ఓపికను చూస్తుంటే ఆయనకు భయమేసింది. అడగాలా? అడిగితే ఏం బయటపడుతుంది? అడక్కపోతే ఆదివారం గద్వాలలో అందరి ముందూ బయటపడుతుంది. పోనీ, అనంతయ్యకే మతిమరుపేమో. ఆ ఊహ తనకే నమ్మబుద్ధి కాలేదు. చెల్లెలికి పోసిన ఒడిబియ్యం మరిచిపోయే అన్న ఎక్కడైనా ఉంటాడా?

గేటు కిర్రుమంది. తిరుపతమ్మ వచ్చింది. ఆమె వచ్చిందంటే గేటు కంటే ముందు గొంతు తెలుస్తుంది. ఈ పొద్దు ఎందుకో గేటే ముందు పలికింది.

"ఏమిరా సీతారాములూ, కోటెక్కుడు తిననీకి ముందరనా, తిన్నంకనా?"

"పొద్దుగాలనే అక్కా. ఎండ ముదరకముందే."

"పొద్దుగాలైతే చలి, నేనెక్క. తిన్నంకైతే ఆయాసం, గప్పుడూ ఎక్క. మీరు ఎక్కుండ్రి, నేను కింద బజ్జీల బండి కాడ కూసుంట." అరుగు మీద సర్దుకుని కూర్చుంటూ రెండో వరస అందుకుంది. "నాగర్‌కర్నూల్ల జొన్నరొట్టె, పుంటికూర అంటున్నవంట. శ్రీజ చెప్పింది ఫోన్ల. ఓరి నాయనా, గవి తిననీకి కారేసుకొని పోవాల్నా? మన పొయ్యి మీద ఉడకవా?"

"ఇంట్ల తినేది వేరక్కా. ఊరు చూసుకుంట తినేది వేరు."

"ఏం వేరురా? రొట్టె గుండ్రమే గద యాడనైన." చేటలోంచి ఒక అనపకాయ తీసి ఒలుస్తూ, "సోమశిల కాడ కృష్ణ చేపల పులుసు మాత్రం మర్వకు. గది తినాలె. గని శనివారం నేను నీసు ముట్ట, సోమవారం ముట్ట. ఆదివారానికి పెట్టు."

"ఆదివారం..." అని సీతారాములు నసిగాడు.

ఆ నసుగుడే కొంప ముంచింది. మాట మార్చి ఉంటే పోయేది. తిరుపతమ్మకు నిన్నటి సంగతి టక్కున గుర్తొచ్చింది. నిన్న ఫోను చేయబోయే ముందు ఆ సంబరం పట్టలేక ఈయనే వెళ్ళి అక్కకు చెప్పొచ్చాడు మరి.

"అవ్ అవ్, ఆదివారం గద్వాల అంటివి గద. భీమమ్మ అన్నగారింట్ల భోజనం! పోనీ తీ, చేపలు ఇంకోపారి తింట. ఇన్నేండ్ల సంది ఒడిబియ్యం పోసుడే గని ఆ మనిషి మొకం చూసినోళ్ళం కాదు. వడ్డిస్తే ఎట్లుంటదో చూద్దాం."

భీమమ్మ చేతులు ఆగిపోయాయి. ఒలిచిన గింజలు చేటలో వేయకుండా గుప్పిట్లోనే పట్టుకుని మొగుడి వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే సీతారాములు తట్టుకునేవాడు. ఎక్కే బస్సు కళ్ళ ముందే కదిలిపోతే జనం చూస్తారే, అలా చూసింది. లేచి చేట చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"ఏమైందిరా? నేనేమన్నా అన్ననా?" అంది తిరుపతమ్మ.

"ఏం లేదక్కా. పొయ్యి మీద పాలున్నయేమో."

"పాలుంటే వాసన రాదా? ఏమో బా, మీ ఇంటి ముచ్చట్లు నాకేం తెల్వయి." లేచి కొంగు సర్దుకుంది. "చౌరస్తాకు పోయి తమలపాకులు తెచ్చుకుంట. వచ్చినంక కూసోని అంత తీరుమానం చేద్దాం, ఏ పూట యాడ తినేది."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగి సీతారాములు వంటింట్లోకి వెళ్ళాడు. భీమమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పొయ్యి మీద పాలూ లేవు, ఏమీ లేవు.

"ఎవరినడిగి ఫోన్ చేసినవ్?" అంది.

"ఎవరినడగాలె భీమమ్మా? బావమర్ది గద. ఊరు చూడనీకి పోతం, ఒక పూట..."

"నా తల్లిగారింటికి నన్నడగకుంట దారేస్తవా? ఎక్కుండ్రి ఎక్కుండ్రి అని అందర్ని తోల్కపోనీకి గదేమన్న బస్సా?"

"నువ్వు సంబరపడ్తవనుకున్న. నీకు చెప్పకుంట తీస్కపోయి, ఆ గడప ముంగట నిలబెట్టాలనుకున్న. అంతే."

నిజంగా అంతే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆమెకు ఒక పండగ పూట సరిగ్గా ఇంట్లో ఉన్నవాడు కాదు. పండగంటే బస్సుకు రద్దీ. ఈ యాత్రంతా ఆమె కోసమే పెట్టుకున్నాడని చెప్పుకోవడానికి కూడా ఆయనకు సిగ్గు. కోటా గుడీ పైపైకి చెప్పుకున్న మాటలే. గద్వాలలో ఆమె పుట్టిన ఇంట్లో, ఆమె పక్కన కూర్చుని, ఒక్క పూట అన్నం తినాలనేదే అసలు కోరిక.

భీమమ్మ గుప్పిట్లోని గింజలు చేటలో వేసింది. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది.

"ఫోన్ల ఏమేం మాట్లాడినవ్?"

"ఆదివారం వస్తమన్న."

"ఇంకా?"

"మంచిగనే మాట్లాడిండు. రాండ్రి బావా అన్నడు."

"బియ్యం మాట తీసినవా?"

సీతారాములు తల వంచుకున్నాడు. భీమమ్మ నడుం పట్టుకుని మెల్లగా కిందికి జారి, నేల మీద కూలబడింది. ఆయన కంగారుపడి మంచినీళ్ళ చెంబు అందుకోబోతే వద్దని చెయ్యి ఊపింది.

"ఏమన్నడు?"

"ఏ బియ్యం బావా అన్నడు."

"అంటడు మరి. పాపం, ఏమంటడు?" చేటలోని గింజలను వేళ్ళతో అటూ ఇటూ నెట్టింది. "ఆయనేం పోసిండని?"

సీతారాములు కూడా ఎదురుగా కూర్చున్నాడు. మోకాళ్ళు కలుక్కుమన్నా పట్టించుకోలేదు. రాత్రి నుంచీ మనసులో ఎక్కడో ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. విన్నాక మాత్రం వినకపోయినా బాగుండు అనిపించింది.

"ఒక్కపారి గూడనా?" అన్నాడు.

"ఒక్కపారి గూడ."

"మరి నేనే గద నిన్ను నా బస్సుల కూసోబెట్టింది. కిటికీ పక్క సీటు ఆపి మరీ..."

"నువ్వే కూసోబెట్టినవ్. గద్వాలల నువ్వే దింపినవ్. జాగర్త అని గూడ చెప్పినవ్. నీ బస్సు మలుపు తిరిగిందాంక నిలబడి, అలంపురం బస్సెక్కిన." ఆమె గొంతులో ఏడుపు లేదు. ఎన్నో సార్లు లోలోపల చెప్పుకున్న మాటలు కాబట్టి తడుముకోవడమూ లేదు. "మొదటిపారి మాత్రం ఇంటికాడికే పోయిన. నిజ్జంగ పోయిన. నాయన పోయినంక అన్న ఏమనడులే అని. గల్లీ మొదట్ల నిలబడ్డ. లోపట మగ్గం చప్పుడు ఇనపడుతుండె. మా అన్న చెయ్యి ఎట్ల పడ్తదో నాకు తెల్వదా? తలుపు తెరిచే ఉన్నది. పది అడుగులేస్తే అయిపోవు. నాయన సచ్చినప్పుడు కబురు పంపని మనిషి, నేను పోయి ఒడి పడితే పోస్తడా? పొమ్మంటే నేనేడికి పోవాలె? పొమ్మని ఆయన నోటితోని ఇననీకి ధైర్యం చాలలే. మర్లి వచ్చిన."

"అలంపురం ఎందుకు పోయినవ్?"

"వట్టి ఒడితోని ఇంటికెట్ల రావాలె? వాడకట్టంత చెప్పుకున్నంక?" ఒక్క క్షణం ఆగింది. "జోగులాంబమ్మ గుడి కాడ ఆడోళ్ళు అమ్మవారికి ఒడిబియ్యం పోస్తుండ్రు. ఒక ముసలామె ఒక్కతే కూసున్నది. నేను బియ్యం, పసుపు, ఎండు కొబ్బరి కుడుకలు కొనుక్కొని పోయి ఆమె ముంగట కొంగు పట్టిన. అవ్వా, నా ఒడిల జర పొయ్యవా అని అడిగిన. నీ తల్లిగారు లేరా బిడ్డా అన్నది. లేరన్న. ఆమె ఇంకో మాట అడగలే. బొట్టు పెట్టి, ఐదు దోసిళ్ళు పోసి, కొంగు ముడేసింది. నాకు ఆడబిడ్డల్లేరు, నువ్వే అనుకుంట అన్నది."

వంటింటి కిటికీలోంచి వీధిలో కూరగాయల బండివాడి కేక వినపడుతోంది. సీతారాములు ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

"మల్ల పోయినప్పుడు గూడ ఆమెనే పోసిందా?"

"ఇంకోపారి పోతే ఆమె లేదు. ఎవరో ఒకరినడిగిన. అడుగుడు అలవాటైతది." చేటను పక్కకు నెట్టింది. "నీకు చెప్పలేదంటవేమో. చెప్తే నువ్వు ఊకుంటవా? పోయి మా అన్న కాళ్ళన్న పట్టుకుంటుంటివి, కొట్లాడన్న కొట్లాడుతుంటివి. నాకు రెండూ వద్దు. మీ అక్క నీళ్ళ ట్యాంకు కాడ పది మంది ముంగట, 'మా మరదలికి తల్లిగారు లేరు, పాపం' అన్నది ఒకనాడు. పాపం అన్నది చూడు, గా మాట నాకు పడలే. తిట్టినా పడ్తుంటి."

"నేను తిన్న భీమమ్మా ఆ బియ్యం" అన్నాడు సీతారాములు. చెప్పదలుచుకున్నది అది కాదు, కానీ నోటికి అదే వచ్చింది.

"తిన్నవ్. వాడకట్టోళ్ళను పిలిచి వండిపెడితే, నువ్వు మారడిగి పెట్టించుకున్నవ్. మీ అన్న పోసిన బియ్యం మస్తు రుచిగున్నయ్ అన్నవ్. నేను అవునన్న."

ఆ మాటతో సీతారాములుకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, ఆమెను దింపి కిటికీలోంచి చెయ్యి ఊపి 'జాగర్త' అన్న తన మొహాన్ని తనే తిట్టుకున్నాడు. ఊళ్ళన్నీ తిరిగాడు కానీ తన పక్క సీట్లో కూర్చున్న మనిషి ఎక్కడ దిగిందో, ఎక్కడ ఎక్కిందో తెలుసుకోలేకపోయాడు. ఇదేం కండక్టరీ? ఇదేం కాపురం?

భీమమ్మ ఆయన చేతిలోంచి తువ్వాలు తీసుకుని తనూ మొహం తుడుచుకుంది.

"అలసిపోయిన నేను. అబద్ధమాడుడు గూడ పనే. అంట్లు తోమినట్ల, దినాం ఉంటది. మొన్న చెప్పింది యాదుంచుకొని ఇయ్యాల చెప్పాలె. మీ అక్క ఏం అడుగుతదో ముందరనే అనుకోవాలె. ఈ వయసుల నాతోని అయితలేదు."

"ఇగ చెప్పకు. గద్వాల వద్దు" అన్నాడు సీతారాములు లేస్తూ. "శనివారం ఘణపూర్, నాగర్‌కర్నూల్ చూసుకొని ఆదివారం సక్కగ కొల్లాపూర్, సోమశిల దిక్కు పోదాం. అక్కకు చేపలు తినిపిస్త. గద్వాల మాట ఎత్తదు."

"ఎత్తకుంట ఉంటదా?"

"నేను జెప్పుకుంట. కారు ట్రబులిచ్చిందంట. నా మోకాళ్ళంట. ఏదో ఒకటంట."

"ఇగ నువ్వు గూడ మొదలువెట్టు" అంది భీమమ్మ. అంత బాధలోనూ ఇద్దరికీ కొంచెం నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలబడలేదు. భీమమ్మ అనపగింజలు కడగడానికి లేచింది. సీతారాములు ఫోను పట్టుకుని అరుగు మీదికి వచ్చాడు. నిన్న పిలవకుండానే వస్తామన్నవాడు ఇవ్వాళ రామని ఏ మొహంతో చెప్పాలి? అయినా తప్పదు. నంబరు నొక్కాడు.

ఎత్తింది అనంతయ్య కాదు. ఆడపిల్ల గొంతు.

"మామా, నేను శ్రుతిని. అనంతయ్య బిడ్డను. నాయన ఫోన్ ఇంట్లనే పెట్టి పోయిండు."

పుట్టినప్పటి నుంచీ ఒక్కసారి కూడా చూడని మేనకోడలు అంత చనువుగా మామా అనేసరికి ఆయన ఏం చెప్పాలనుకున్నాడో మరిచిపోయాడు.

"యాడికి పోయిండు బిడ్డా?"

"మీ ఊరికే మామా! వనపర్తి బస్సెక్కిండు పొద్దుగాలనే. రాత్రంత మగ్గం గుంతల కాళ్ళు పెట్టి కూసున్నడు, ఒక్క పోగు నెయ్యలే. ఏందని అమ్మ అడిగితే, చెల్లెను పిలవాలె, ఒడిబియ్యం పొయ్యాలె అన్నడు. అత్తకు నేనడిగిన్నని చెప్తవా? ఎట్లుంటది మామా మా అత్త?"

"మంచిగుంటదమ్మా" అన్నాడు. ఇంకేం చెప్పాడో ఆయనకే తెలియదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇంతకాలం రాని పిలుపు రావడం సంతోషమే. కానీ ఆ పిలుపు తిరుపతమ్మ ఇంట్లో లేనప్పుడు రావాలి. బస్టాండుకు ఎదురెళ్ళి దారిలోనే సంగతి చెప్పాలని, చెప్పులు వెతుక్కున్నాడు. ఒకటి దొరికింది. రెండోది దొరికేలోపే గేటు తెరుచుకుంది.

"భీమమ్మా! ఓ భీమమ్మా! ఎవరొచ్చిండ్రో చూడు!" తిరుపతమ్మ గొంతు వీధంతా నిండింది. "చౌరస్తాల కండక్టర్ సీతారాములు ఇల్లేడుంది అని అడుగుతుండు. మొకం చూడంగనే అనుకున్న. గదే ముక్కు, గదే నుదురు! రా అన్నా, లోపలికి రా. ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా?"

ఆమె వెనక అనంతయ్య. బక్కపల్చటి మనిషి, లావు కళ్ళద్దాలు, మగ్గం మీద వంగి వంగి నిలబడినా వంగినట్టే కనిపించే వీపు. చేతిలో చిన్న సంచి. అరుగు దాకా వచ్చి, ఎక్కాలో వద్దో తెలియక ఆగిపోయాడు. వంటింటి గుమ్మంలోకి వచ్చిన భీమమ్మను చూశాడు. తడి చేతులతో ఆమె అక్కడే నిలబడిపోయింది.

"చెల్లే" అన్నాడు.

భీమమ్మ తల ఊపింది, లోపలికి రమ్మన్నట్టు.

ఇద్దరికీ ఆ మాత్రం సందు కూడా తిరుపతమ్మ ఇవ్వలేదు. కుర్చీ లాగింది, నీళ్ళు తెప్పించింది, ఎదురుగా అరుగు మీద స్థిమితంగా కూర్చుంది.

"ఏం పని మీదొచ్చినవన్నా? ఆదివారం మేమే వస్తుంటిమి గద."

"చెల్లెను పిలవనీకొచ్చిన వదినా. ఫోన్ల చెప్పే ముచ్చట కాదని వచ్చిన. ఆదివారం వచ్చినప్పుడు ఒడిబియ్యం పోస్తం. మీరు గూడ అందరు రావాలె."

సీతారాములు కళ్ళు మూసుకున్నాడు.

"ఒడిబియ్యమా?" తిరుపతమ్మ తమలపాకుల పొట్లం పక్కన పెట్టింది. "పోయిన మాఘంల పోసి పంపిస్తిరి గద! ఏడాదే గద అయింది? మూడో ఏడు రావాలె, ఐదో ఏడు రావాలె. రెండో ఏడుల పోస్తరా యాడనన్న? మీ గద్వాలల గట్లుంటదా ఏంది?"

అనంతయ్య ఆమె వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు, బావ వైపు చూశాడు. నిన్న ఫోనులో విన్న మాట ఏమిటో ఆయనకు ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అబద్ధం ఆడి ఎరగని మనిషని చూస్తేనే తెలుస్తోంది.

"అవ్ వదినా, పోసినం. పోసినం" అన్నాడు తడబడుతూ. "గని గప్పుడు మా ఇంటామెకు పానం బాగలేకుండె. సక్కగ చెయ్యలే. మనసుల పట్టలే. గందుకే మల్ల ఒకపారి..."

సీతారాములుకు ఊపిరొచ్చింది. మహానుభావుడు! ఇన్నేళ్ళూ కన్నెత్తి చూడకపోతే చూడకపోయాడు, ఇవ్వాళ ఒక్క మాటతో చెల్లెలి పరువు కొంగున కట్టాడు అనుకున్నాడు. భీమమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆమె కళ్ళు మాత్రం అన్న మొహం మీంచి కదల్లేదు.

"పోనీ తీ, పెట్టేటోళ్ళు ఎప్పుడు పెడితేంది" అంది తిరుపతమ్మ. అక్కడితో ఆగితే ఆమె తిరుపతమ్మ ఎందుకవుతుంది? "మరి పోయిన మాఘంల చెల్లెకు ఏం బట్ట పెట్టినవన్నా?"

"చీరె పెట్టిన వదినా" అన్నాడు అనంతయ్య వెంటనే. అంతవరకూ తడబడిన మనిషి ఈ ఒక్క మాట దగ్గర తడబడలేదు. "నా చేత్తోని నేసిందే. కుంకుమ రంగు. జరీ అంచు, ఇంత పెద్దది."

అయిపోయింది. సీతారాములు అరచేతిలో నుదురు పెట్టుకున్నాడు. అలంపురం నుంచి భీమమ్మ తెచ్చుకున్నది ప్రతిసారీ ఒక జాకెట్ గుడ్డ మాత్రమే. అంతకు మించి కొంటే ఇంట్లో లెక్క దొరికిపోతుందని కొనలేదు కాబోలు. ఆ గుడ్డను ప్రతిసారీ ఇదే తిరుపతమ్మ వేళ్ళ మధ్య నలిపి చూసి, మూతి విరిచి, మళ్ళీ మడత పెట్టింది. కానీ చీరలు నేసే మనిషి ఆయన. చెల్లెలిని జాకెట్ గుడ్డతో పంపానని, అబద్ధానికి కూడా, ఆయన నోట ఎలా వస్తుంది?

"చీరెనా?" అంది తిరుపతమ్మ. ఈసారి గొంతు పెద్దగా లేదు. "నేనైతే జాకెట్ గుడ్డనే చూసిన. ఎప్పుడొచ్చినా జాకెట్ గుడ్డనే చూసిన." మెడ తిప్పి మరదలి వైపు చూసింది. "యాడ పెట్టినవ్ భీమమ్మా, ఆ కుంకుమ రంగు చీరె? జర పట్కరా, చూస్త."

అనంతయ్యకు తన తప్పు తెలిసొచ్చింది. దిద్దుకోవడానికి నోరు తెరిచాడు, ఏం చెబితే అతుకుతుందో తెలియక మళ్ళీ మూశాడు. తిరుపతమ్మ ఆయన వైపుకు వంగింది.

"నిజం చెప్పన్నా. మా ఇంటి గడపల కూసున్నవ్. చీరె పెట్టినవా, పెట్టలేదా? అసలు ఒడిబియ్యం..."

సీతారాములు అడ్డుపడబోయి రెండడుగులు వేశాడు. ఆయన కంటే ముందు భీమమ్మ గుమ్మం వదిలి వాకిట్లోకి వచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. అన్నకూ ఆడబిడ్డకూ మధ్య వచ్చి నిలబడింది.

"మా అన్ననడగకు వదినా" అంది. "ఒడి నాది. నన్నడుగు."